ఆ సముద్రానికీ నేల ఉంది

బావా,

నువ్వు ఓడ మీంచి పడిపోయి రేపటికి ఏడాది. అడుగు లేని నీళ్లలో కొడుకు ఇంకా కిందికి పోతూనే ఉన్నాడని, అలాంటివాడికి పిండం పెట్టనివ్వనని అత్త పట్టుపట్టింది. ఇక్కడ ఖిదిర్‌పూర్ ఓడరేవులో మనవాళ్లు ఎవరు చెప్పినా వినలేదు.

ఇవాళ నీతో డెక్ మీద పనిచేసిన అప్పన్న వచ్చాడు. దక్షిణ ధ్రువం దగ్గర మీ ఓడ కొలిచిన సముద్రం అడుగును పటంగా గీశారట, ఫోన్లో చూపించాడు. పటమంటే బడిలో చూసిన ఇండియా బొమ్మే నాకు తెలుసు. దీనికి ఒడ్డే లేదు, అన్నీ రంగులే.

"ఓడలోంచి శబ్దం పంపుతాం పిన్నీ. నేలకి తగిలి తిరిగొస్తాది."

"అంటే కింద నేలున్నాదా?"

"ఉన్నాది. కొండలు కూడా ఉన్నాయి."

"నా కొడుకున్న కాడ ఏటున్నాది? వాలా?"

అప్పన్న కాసేపు వెతికి, ముదురు నీలంలో ఒకచోట వేలు పెట్టాడు. "చదునే పిన్నీ."

అత్త కళ్లజోడు సర్దుకుంది. "వేలు తియ్యిరా. ఆడి మీద పెట్టీసినావు."

అతను వేలు తీశాడు. అత్త చాలాసేపు చూసింది. రేపు గంగ ఒడ్డుకి వెళ్దామంది. ఇంట్లో నువ్వులున్నాయా అని నన్నడిగింది.

ఉన్నాయన్నాను. నువ్వు పడ్డ ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో అప్పన్నని అడుగుదామనుకున్నాను. అత్త ముందు అడగలేక, టీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను.