బీరువా మీద ఫకుందో గారు

లా పాజ్, అక్టోబరు 2

చిరంజీవి రొహెలియోకి సెనోబియా అత్త ఆశీస్సులు.

నేను ఒంటరిగా ఉన్నానని దిగులు పెట్టుకోకు. మార్చి నుంచి ఫకుందో గారు నా దగ్గరే ఉంటున్నారు. పక్కింటావిడ ఇల్లు మారుతూ ఆయన్ని నాకు అప్పగించి వెళ్ళింది. ఆయన వచ్చాక దొంగ అన్నవాడు ఇటు తొంగి చూడలేదు. కొత్తగా ఆయనకి ఉన్ని టోపీ అల్లాను, ఎంత నప్పిందో.

నీ అత్త,
సెనోబియా

తా.క. ఈ వయసులోనూ ఆయన పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి. నాకు మిగిలినవి రెండు.

సాంతా క్రూస్, అక్టోబరు 9

అత్తకి రొహెలియో నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎవరత్తా ఆ మనిషి? ఏం పని చేస్తాడు? ఎనభై ఒకటో ఏట పరాయి మగవాణ్ణి ఇంట్లో పెట్టుకుని టోపీలు అల్లుతున్నావా? నాన్న ఉంటే ఏమనేవాడు? వెంటనే పంపించెయ్.

నీ మేనల్లుడు,
రొహెలియో

తా.క. ఎక్కడ పడుకుంటున్నాడు? అది మాత్రం దాచకుండా రాయి.

లా పాజ్, అక్టోబరు 14

చిరంజీవి రొహెలియోకి,

మీ నాన్న ఉంటే దండం పెట్టేవాడు. ఫకుందో గారు పనేమీ చెయ్యరు, పొద్దస్తమానం సిగరెట్టే. వెలిగించి నోట్లో పెట్టేది నేనే. సోమవారాలు వీధంతా పూలు పట్టుకుని వస్తారు. మొన్న పోలీసు ఇన్‌స్పెక్టరే వచ్చి ఒక కేసు సంగతి చెప్పుకుని పోయాడు. ఈయన నోరు జారరు. ఏదైనా చెప్పాలంటే నా కలలోకి వస్తారు.

నీ అత్త

తా.క. బీరువా మీద. అక్కణ్ణించి వీధి గుమ్మం బాగా కనిపిస్తుంది.

సాంతా క్రూస్, అక్టోబరు 20

అత్తకి,

బీరువా మీద అన్న మాట వినగానే మా ఆవిడ చేతిలో కంచం వదిలేసింది. నీ ఉత్తరం డాక్టరుకి చూపిస్తే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. నీకు మతి స్థిమితం లేదని, నన్ను నీ సంరక్షకుడిగా నియమించమని కోర్టులో అర్జీ పెట్టాను. ఇరవై ఎనిమిదిన విచారణ. తర్వాత ఆ ఇంటికి తాళం వేసి నిన్ను ఇక్కడికి తెచ్చుకుంటాను. అతన్ని కూడా హాజరు పరచమని కోరాను. అంతా నీ మంచికే.

రొహెలియో

తా.క. బీరువా మీంచి దింపేటప్పుడు నువ్వు ఎత్తకు. నడుం పట్టేస్తుంది.

లా పాజ్, అక్టోబరు 30

రొహెలియోకి,

ఈ ఉత్తరంతో వచ్చిన పెట్టె ఇప్పుడే విప్పకు. ముందు ఇది చదువు.

నోటీసు చూసి భయపడ్డానురా. నా గుమ్మం నేను దాటడానికి నీ సంతకం కావాలట.

ఇక్కడి కోర్టులో జడ్జి గారు, "ఆ మనిషి ఏడీ?" అంది. సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాను. గుమాస్తా లేచి నిలబడ్డాడు. నువ్వు పంపిన వకీలు మాత్రం కింద పడ్డాడు, మీ ఊరివాడే కదా పాపం. ఇంటికి కాపలాగా పుర్రెని పెట్టుకునే మా లా పాజ్ ఆచారం మీ వైపు లేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. మీ నాన్న నీకేమీ చెప్పకుండానే పోయినట్టున్నాడు.

జడ్జి గారు అందరినీ బయటికి పంపి ఆయనతో పది నిమిషాలు మాట్లాడుకుంది. తిరిగి పిలిచేసరికి కళ్ళు తుడుచుకుంటోంది. నీ అర్జీ కొట్టేసింది. "మరి మీ తర్వాత ఈయన్ని ఎవరు చూస్తారవ్వా?" అని అడిగింది. నువ్వు తప్ప నాకెవరున్నార్రా. సంరక్షకుడిగా ఉంటానని నీ అంతట నువ్వే రాసిచ్చావు కదా, నా తర్వాత ఆయనకి నువ్వే సంరక్షకుడివని అక్కడే కాగితం రాయించాను.

నవంబరు ఎనిమిదిన ఇక్కడి శ్మశానంలో ఆయనలాంటి పుర్రెలందరి పండగ. నువ్వే వెంటబెట్టుకుని రా. అప్పటిదాకా మీ ఇంట్లోనే ఉంటారు.

నీ అత్త

తా.క. మీ బీరువా మీద దుమ్ము దులుపు. కలలోకి వస్తే లేచి కూర్చోకు, పడుకునే విను.