రెండు గోలీలు

శ్యామల వదినకు,

అవ్వకు థైరాయిడ్ తగ్గకపోవడానికి బోథ్ నుంచి మీవాళ్లు పంపే సోయా పిండే కారణమని, ఫోన్లో చదివి నీ ముందే పారబోశాను. పొద్దున థైరాయిడ్ గోలీతో పాటే కాల్షియం గోలీ వేస్తుంటే, "రెండు ఒక్కసారే ఏస్తున్నవేంది పిల్లా? డాక్టర్‌ను జర అడుగు" అన్నావు. "చదువుకున్నది నువ్వా, నేనా?" అన్నాను. నువ్వు పుట్టింటికి వెళ్లిపోయావు.

నిన్న డాక్టర్ గోలీలు ఎట్లా వేస్తున్నావని అడిగారు. "కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనియ్యదమ్మా. నాలుగు గంటలు ఆగాలె" అన్నారు.

అవ్వకు చెప్పాను. "నా కోడల్ని తోల్కరాపొమ్మను" అన్నది. అన్న రేపు వస్తున్నాడు, ఇంకా నీదే తప్పనుకుంటూ. అతనికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు.

నీ ఆడబిడ్డ