రెండు కాళ్ళ ఆవు

కెంటకీ కొండలు
అక్టోబరు 1926

బంగారంలాంటి మా జెల్లా అక్కకి,

ఒళ్ళు మండిపోతోంది, నీకు కాక ఎవరికి చెప్పుకోను? మద్యనిషేధం వచ్చాక మా ఆయన హోబర్ట్ అడవిలో సారా బట్టీ పెట్టాడని నీకు తెలుసుగా. బూట్ల గుర్తులు పట్టుకుని ఎక్సైజువాళ్ళు వచ్చేస్తున్నారని, చెక్కతో ఆవు గిట్టలు చేసి బూట్ల కింద కట్టుకుంటున్నాడు. వాళ్ళు చూసి, ఆవేలే అని పోతున్నారు. నేనూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. నిన్న వాన వెలిశాక చూస్తే ఆ గిట్టల గుర్తులు బట్టీ దగ్గర్నుంచి తిన్నగా లవీనా పెరటి గుమ్మందాకా ఉన్నాయి. మొన్న చలికాలంలో మొగుడు పోయాడే, ఆ లవీనా! ఈ కొండమీద రెండు కాళ్ళతో నడిచే ఆవు ఒక్కటే ఉంది, దాన్ని నేనే పెళ్ళి చేసుకున్నాను.

"లవీనా ఇంటివైపు ఆవేదో తిరుగుతోందే" అన్నాను రొట్టె వడ్డిస్తూ.

"ఆవులన్నాక తిరగవేంటే?" అన్నాడు తలెత్తకుండా.

ఈర్ష్య అంటావా? అవును, ఈర్ష్యే. రేపు సాయంత్రం లవీనా ఇంటిదగ్గర కాపు కాయమని, నా పేరు చెప్పకుండా ఎక్సైజువాళ్ళకి కబురు పంపాను. ఆ గుమ్మంలోనే పట్టుబడాలి, ఊరంతా చూడాలి.

కడుపు మండిన నీ చెల్లెలు
ఆర్ఫా

జిల్లా జైలు
నవంబరు 1926

అక్కా,

పైన చిరునామా చూసి కంగారుపడకు. బాగానే ఉన్నాను.

ఆ సాయంత్రం తమాషా చూద్దామని ముందే వెళ్ళి లవీనా పెరట్లో నక్కాను. ఆవు వచ్చింది. మా ఆయన కాదు, లవీనా! భుజాన సారా డబ్బా, కాళ్ళకి గిట్టలు.

"నువ్వా?"

"నేనే వదినా. పిల్లలకి తిండి పెట్టాలిగా. అన్నయ్య బట్టీలో పనిచ్చాడు, ఈ గిట్టలూ చేసిచ్చాడు. నీకు తెలిస్తే ఊరుకోవని చెప్పొద్దన్నాడు."

నిజమే, ఊరుకునేదాన్ని కాదు. ఇంతలో రోడ్డువైపు కుక్కలు మొరిగాయి. ఇంట్లో ముగ్గురు పసివాళ్ళు. నేను చేసిన పనికి వాళ్ళు తల్లిలేనివాళ్ళవుతారా?

"విప్పవే ఆ గిట్టలు, త్వరగా!" అన్నాను. ఎక్సైజువాళ్ళు వచ్చేసరికి అవి నా కాళ్ళకున్నాయి, డబ్బా నా భుజానుంది.

మూడు నెలలు వేశారు. కబురు పంపింది నేనేనని ఆయనకి తెలీదు, నువ్వూ చెప్పకు. మొదటివారం వచ్చి ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఈ వారం కాస్త ఒళ్ళు చేసినట్టు కనిపించాడు.

"ఏం తింటున్నావేంటి?" అన్నాను.

"పాపం, లవీనా రోజూ వండి పంపుతోంది. ఆ మొక్కజొన్న రొట్టె ఎంత మెత్తగా ఉంటుందనుకున్నావ్!" అన్నాడు, వెర్రిబాగులవాడు.

అప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. అక్కా, ఈ ఉత్తరం అందగానే మా ఇంటికి వెళ్ళు. నేనొచ్చేదాకా ఆయనకి నువ్వే వండిపెట్టు.

వద్దులే, ఆగు. నీ చేతి వంటన్నా ఆయనకి ప్రాణమే. బావగారికి గంజి కాయడం వచ్చుగా, ఆయన్ని పంపు.

నీ చెల్లెలు
ఆర్ఫా