కాగితం వెనక పక్క

సార్, నమస్తే. మీరు కాలంజేసి తొమ్మిది నెలలాయె. ఇన్ని రోజులు ఎందుకు రాయలేదంటే... చెప్పనీకి మొఖం లేక.

మీ రేకుపెట్టె పోయింది సార్. నేనే పోగొట్టిన.

మీ పంజాగుట్ట ఫ్లాటు ఖాళీ చేసేటప్పుడు అమ్మగారు దాన్ని నా చేతిల పెట్టిండ్రు. ఊరూరు తిరిగి మీరు జమచేసిన పాత ఉత్తరాలు, అర్జీలు. బెంచికొకటి ఇచ్చి మీరు హిస్టరీ చెప్తుంటే నోరు తెరుచుకొని వినేటోళ్లం. ఇప్పుడు అదే క్లాసుల నేను చెప్తున్న. స్మార్ట్ బోర్డు వచ్చింది, స్కాన్ చేస్తే అందరికీ కనపడతయి గదా అని అమీర్‌పేటల మెట్రో కింద జిరాక్స్ షాపుకు తీస్కపోయిన. ఒక పక్కనా, రెండు పక్కలా అని షాపాయన అడిగిండు. జల్ది కావాలె, ఒక పక్క చాలన్న.

ఏం రోగం సార్ నాకు? "కాగితం తిప్పవయ్యా! ముందువైపు లోకం కోసం రాస్తారు, వెనకవైపు మనసాగక రాస్తారు" అని మీరు ఎన్నిసార్లు అనలేదు?

పెట్టెను కాలేజీ స్టోర్ రూంల పడేసిన. అన్నీ ఫోన్ల ఉన్నయి, ఇగ ఫికర్ ఏముంది అని. సెలవులల్ల రూం ఖాళీ చేసి అంత చిత్తు కాగితాలాయనకు వేసిండ్రట. తెలిసినంక గూడ ఏడ్వలే. గంత పొగరు నాకు.

మొన్న బోర్డు మీద ఒక ఉత్తరం పెట్టిన. ఒక తల్లి పట్నంల ఉన్న కొడుక్కు ఎవరితోనో రాయించింది. అందరం మంచిగున్నం, రంది పెట్టుకోకు అని. ఒక పిల్ల దాన్ని ఫోన్ల పెద్దగ చేసి చూసింది. వెనక సిరా ఇవతలికి ఊరింది గదా... బొమ్మను అద్దంల లెక్క తిప్పి కూడబలుక్కొని చదివింది. వంకరటింకర అక్షరాలు, ఆ తల్లి సొంతంగ రాసినట్టున్నయి. కొడుకా, జల్ది రా... అంతే కనపడ్డది.

తర్వాత ఏముంది సార్ అనడిగింది ఆ పిల్ల. ఏమని చెప్పాలె? ఎందుకు రమ్మన్నది? వాడు ఊరికి పోయిండా? మీకు తెలుసుండె. ఇగ ఎవ్వరికీ తెల్వది. క్లాసు ఆడనే ఆపి బయటకొచ్చిన. పంజాగుట్ట దాక నడిసి, మీ పాత ఇంటి ముంగట నిలబడి ఏడ్చిన సార్.

రేపు పిల్లలకు చెప్త, వెనక పక్కలు పోగొట్టింది నేనే అని. దాంతోని అవి తిరిగి రావు. అయినా చెప్త.

మీ శిష్యుణ్ణి అని రాసుకోవాల్నంటే సిగ్గైతుంది.

అలవాటు కొద్దీ మీరు ఈ కాగితం గూడ తిప్పి చూస్తరు... తిప్పకుండ్రి సార్. ఏం లేదు.