దండ వేసిన ఫొటో

కాకుమాను,
శనివారం.

ఆమని అక్కా,

నువ్వు చనిపోయావని అందరి స్టేటస్సుల్లో తిరిగిన ఫొటో చేసింది నేనే. నీ బర్త్‌డేకి సరదాగా దండ ఎడిట్ చేసి, ‘శ్రద్ధాంజలి’ అని రాసి మన కజిన్స్ గ్రూప్‌లో పెట్టాను. అందరూ పడీపడీ నవ్వారు. ఎవరో బయటికి పంపారు. పక్కింటి రాజరాజేశ్వరి అత్తయ్యగారు అది అమ్మమ్మకి చూపించారు. అమ్మమ్మ అక్కడే కూలబడిపోయింది.

మొన్న నువ్వు బాపట్ల హాస్టల్ నుంచి మీ వార్డెన్ ఫోన్‌లో వీడియో కాల్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నా. “అమ్మమ్మా, నేనే, చూడు” అని నువ్వు ఏడుస్తుంటే తను ఫోన్ తోసేసింది. “పోయినోళ్ళని కూడా మాట్లాడిస్తారంటగా ఇందులో. నాకు చూపించకండే” అంది. అప్పట్నుంచీ మజ్జిగ తప్ప ఏం ముట్టట్లేదు.

పరీక్షలయ్యాక వస్తావని పెద్దమ్మ అంటోంది. అప్పటిదాకా ఆగకక్కా. బస్సెక్కి వచ్చెయ్. అమ్మమ్మ నీ చెయ్యి పట్టుకుని చూస్తేనే నమ్ముతుంది.

గ్రూప్ అప్పుడే డిలీట్ చేసేశాం, కజిన్స్ ఎవరూ నా పేరు బయటపెట్టలేదు. ఎవరు చేశారో తెలిస్తే చదువు మాన్పిస్తానని నాన్న అందరి ఫోన్లూ చూస్తున్నారు. అందుకే ఈ పేపర్ పెద్దమ్మ రేపు నీకు తెచ్చే జంతికల డబ్బా అడుగున పెడుతున్నా. చదివి చింపెయ్. నా పేరు చెప్పకు, ప్లీజ్.

అమ్మమ్మ నన్ను పక్కనుంచి కదలనివ్వట్లేదు. “నాకింక నువ్వొక్కదానివే మిగిలావే” అంటూ నా తల నిమురుతోంది.

నీ చెల్లి