మెడ కింద ముడత

చిరంజీవి అబ్బాయికి,

మీ అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. నేనూ మీ నాన్నా కులాసాగానే ఉన్నాం. మీరిద్దరూ కులాసాగా ఉండాలని, ఈ ఉత్తరం అందేసరికి ఇంకా ఆ కొండ మీద లాడ్జిలోనే కూర్చుని విసుక్కుంటూ ఉండాలని కోరుకుంటున్నాను. ముందుగా ఒక్క మాట. ఇది చివరిదాకా చదివేవరకు కోడలమ్మాయిని సైకిలెక్కనివ్వకు. ఎందుకని అడక్కు, చదువు.

నీ ఉత్తరం రోడ్డు పని లారీ డ్రైవరు ఇందాకే తెచ్చిచ్చాడు. కొండచరియలు పడి దారి మూసుకుపోయిందని, టవరు కూలి ఫోన్లు పోయాయని చదివాక గాని, మీ ఫోన్లు వారం నుంచి ఎందుకు పలకడం లేదో అర్థం కాలేదు. ఆ లారీ మన వీధి చివర కంకర నింపుకుని మళ్ళీ పైకే వెళుతుందట. నింపేదాకా టైముంది. అందుకే అంతా మొదటినుంచీ రాస్తున్నాను. నాకు సగం నుంచి చెప్పడం చేతకాదని నీకు తెలుసు.

నా కన్ను సంగతి అడిగావు. ఎడమ కంటికి శుక్లం తీసేశారు. కుడి కన్ను వచ్చే నెలలో. ఆ కంటి డాక్టరమ్మ నీకంటే చిన్నది, మహా మాటకారి. "పెద్దమ్మా, ఇన్నాళ్ళూ మీరు టీ నీళ్ళలోంచి లోకాన్ని చూశారు" అంది. ఇంటికొచ్చి చూస్తే మీ నాన్న తల ముగ్గుబుట్టలా ఉంది. అక్కడక్కడా ఇంకా నలుపుందనే అనుకుంటూ వచ్చాను నేను. "ఎప్పుడు నెరిసిందండీ ఇదంతా?" అంటే, "నువ్వు షాపులో సైకిలు ఫ్రేములు అతుక్కుంటున్నప్పుడు" అన్నారు. వంటింటి గోడ లేత పసుపనుకున్నాను, శుభ్రమైన తెలుపు. ఎడమ కన్ను మూస్తే పసుపు, కుడి కన్ను మూస్తే తెలుపు. రెండు రోజులు చిన్నపిల్లలా అదే ఆట. ఆ ఆటే నా కొంప ముంచింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక నువ్వడిగినవి. అమ్మాయి సైకిలుకి బ్రేకులు సరిగా లేవు, డిస్కు బ్రేకులు పెట్టించనా అన్నావు. వద్దు. ఆ ఫ్రేము వాటికోసం కట్టింది కాదు. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు మీద వాటిని బిగించే చోటే లేదు. అక్కడెవరో వెల్డింగు చేసి పెడతానన్నాడని రాశావు. వాణ్ణి ఆ ఛాయలకు రానివ్వకు. సామాను వేసుకుని దూరాలు తిరిగే సైకిలుకి రిమ్మును రెండువైపులా పట్టే మామూలు బ్రేకులు చాలు. తీగ తెగినా రబ్బరు అరిగినా ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. వాటిని నేనే ఏరి, నేనే బిగించాను. అయినా నువ్వు రాసిందేమిటి? ముందు బ్రేకు పట్టగానే హ్యాండిలంతా వణుకుతోందని. పట్టని బ్రేకు అలా వణికించదు నాయనా. బ్రేకు పడుతోంది. తట్టుకోలేక వణుకుతున్నది వేరే.

ఆ పై ఊరి సైకిలు షాపువాడు ఈ ఫ్రేము తీసుకుని తేలికపాటి అల్యూమినియం ఫ్రేము ఇస్తానన్నాడని, ఏమంటావని అడిగావు. మామూలుగా అయితే ఈపాటికి నిన్ను రెండు పేజీలు తిట్టి ఉండేదాన్ని. మన షాపు మెట్టెక్కిన ప్రతివాడికీ నేను చెప్పే మాట నీకు కంఠతా వచ్చు. స్టీలు ముందు వంగుతుంది, తనకేం బాగోలేదో చెబుతుంది, ఆ తర్వాతే విరుగుతుంది. అందుకే ఊరుకాని ఊళ్ళో తిరిగేవాళ్ళు దాన్నే కొనుక్కోవాలి. ఇప్పటికీ అదే మాట మీదున్నాను. కాకపోతే అది చెబుతుంటే వినాలి.

నీ ఉత్తరం చివర్న తమాషాగా రాశావు చూడు. "అమ్మా, నీ కోడలికి తిండి ఎక్కువై పాదాలు పెరిగాయి. మలుపు తిప్పినప్పుడల్లా బూటు కొస ముందు చక్రానికి రాసుకుంటోంది. బయల్దేరినప్పుడు తగిలేది కాదు." ఇది మీ నాన్నకు నవ్వుతూ పైకి చదువుతున్నాను. సగంలో ఆపేశాను. ఆయన ఏమైందన్నారు. ఆ లైను మీద వేలు పెట్టి చూపించాను.

పాదాలు పెరగవురా. చక్రం వెనక్కి వచ్చింది.

పోయిన వారం, ఇంటింటికీ రొట్టెలు వేసే అతను తన సైకిలు రంగుకి తెచ్చాడు. అతని ఫ్రేమూ, అమ్మాయి ఆకుపచ్చ ఫ్రేమూ ఒకే నెలలో కట్టినవి. హ్యాండిలు మెడ కింద, కిందికి దిగే గొట్టం మొదట్లో, రంగు ముడతపడి ఉంది. రంగు ఆరకముందే ఇచ్చేశానేమో అని మీ నాన్న తప్పు తన మీద వేసుకున్నారు. నేను గీకి చూశాను. ముడత రంగుకి కాదు, గొట్టానికే. ఎక్కడైనా గుద్దావా అని రొట్టెలతన్ని నిలదీశాను. "లేదండీ, గుద్దితే మీ దగ్గర దాచి బతకగలనా" అన్నాడు.

అతను వెళ్ళాక గ్యాసు మంట వెలిగించి, ముక్క గొట్టం ఒకటి కాల్చి, ఆ కన్నూ ఈ కన్నూ మార్చి మార్చి చూశాను. కుడి కంటికి మసక ఎరుపు, అతుకు వేసే ఇత్తడి కరిగి పారడానికి ఇంకా చాలదనిపించే రంగు. ఎడమ కంటికి అదే గొట్టం పసుపెక్కి, తెల్లబడడానికి సిద్ధంగా ఉంది. చేతిలో మంట అలాగే పట్టుకుని నిలబడిపోయాను. అంటే శుక్లం ముదిరిన ఈ ఏడాదంతా నేను అతికిన ప్రతి మెడనూ మాడ్చేశానన్నమాట. అలా మాడిన గొట్టంలో బలం ఉండదు. ఊళ్ళో ఖాళీగా తొక్కితే కొన్నాళ్ళు నడుస్తుందేమో. నాలుగు సంచులు తగిలించి, దిగుడులో ముందు బ్రేకు నొక్కితే, మనిషి బరువూ సామాను బరువూ వచ్చి పడేది ఆ ముడత మీదే. అది నలిగేకొద్దీ ముందు చక్రం పాదాల వైపు జరుగుతుంది, చివరికి మెడ విరుగుతుంది. ఆ రోజు నుంచీ మీకు ఫోను చేస్తూనే ఉన్నాను. రొట్టెలతని సైకిలు తిరిగివ్వలేదు. ఏడాదిలో కొన్నవాళ్ళందరి ఇళ్ళకూ మీ నాన్న తిరిగి చెప్పివచ్చారు. మిగిలింది మన ఇంటి మనిషే.

ఇంతవరకూ మీ నాన్నకూ తెలుసు. ఇకమీదిది ఎవరికీ చెప్పలేదు.

అమ్మాయి ఫ్రేము అతుకుతున్న రోజున, తనే టీ పెట్టుకుని షాపులోకి వచ్చింది. మీ పెళ్ళయి నెల. నా వెనక నిలబడి కాసేపు చూసి, "అత్తయ్యా, అది మరీ తెల్లబడుతున్నట్టుంది, చాలేమో చూడండి" అంది. మెల్లగానే అంది. నేను అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "నేనీ మంట పట్టుకునేనాటికి నువ్వు పుట్టనే లేదు. తెలిస్తే మాట్లాడు, లేకపోతే లోపలికెళ్ళు" అన్నాను. ఇంకో మాట లేకుండా టీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండి, కావాలని ఇంకాసేపు కాల్చాను. ఆ పిల్ల మళ్ళీ మన షాపు గడప తొక్కలేదు. ఎందుకని నువ్వడిగితే, పొగ పడదేమో అన్నాను. పచ్చి అబద్ధం.

ఆ సంగతి తను నీతో చెప్పి ఉండదు. చెప్పి ఉంటే నువ్వు నన్ను బ్రేకుల గురించి అడిగేవాడివి కాదు. కళ్ళారా చూసి కూడా, అత్తగారు కట్టిచ్చిందని ఎక్కి తొక్కుతోంది. నాకు సిగ్గుగా ఉంది. అంతకంటే భయంగా ఉంది.

ఆ మెడ కింద వేలితో తడిమి చూడు. ముడత తగిలినా తగలకపోయినా దాన్ని మాత్రం ఎక్కనివ్వకు. నా నీలం సైకిలు లారీలో పంపుతున్నాను. అమ్మాయి ఎత్తూ నా ఎత్తూ ఒకటే. నా కళ్ళు బాగున్న రోజుల్లో కట్టిన ఫ్రేము అది, కళ్ళు మూసుకుని ఎక్కవచ్చు. మీ నాన్న ఇప్పుడే బ్రేకు రబ్బర్లు మార్చి, రెండుసార్లు వీధి చివరిదాకా తొక్కి చూశారు.

ఇంతవరకూ రాశాక డ్రైవరు ఉత్తరం కోసం వచ్చాడు. దారి ఈ మధ్యాహ్నమే బాగైందట. రోడ్డు పనివి కాక మిగతా లారీలు, బస్సులు దిగడం రేపట్నుంచి. "నడిచేవాళ్ళని, సైకిళ్ళవాళ్ళని మాత్రం ఇందాకట్నుంచే వదిలేస్తున్నారమ్మా" అన్నాడు, శుభవార్త చెబుతున్నట్టు. దారి తెరిచిన నిమిషమే బయల్దేరతామని నువ్వు రాసిన లైను మళ్ళీ తీసి చూసుకున్నాను.

నేనూ ఎక్కుతానన్నాను. కంకర దుమ్ములో ఈ కంటితో కుదరదని మీ నాన్న పడనివ్వలేదు. ఆయనే వెళుతున్నారు. నీలం సైకిలు కంకర మీద కట్టి, పక్కనే కూర్చున్నారు. ఆకుపచ్చ సైకిలు ఎదురైతే లారీ అడ్డం పెట్టైనా ఆపమని డ్రైవరుకి చెప్పాను. మీ నాన్న పైనుంచి వంగి, "ఎదురుపడకపోతేనో?" అని అడిగారు. మలుపుల దగ్గర నెమ్మదిగా పోనిమ్మనండి, కింది వైపు కూడా చూస్తూ వెళ్ళండి అన్నాను. ఆయన తలూపి అటు తిరిగిపోయారు.

నాయనా, నువ్విది చదువుతున్నావంటే మీరు ఎదురుపడ్డారన్నమాట. అలా అనుకునే రాస్తున్నాను. చదివాక ఈ కాగితం అమ్మాయి చేతికివ్వు. ఆ రోజు మంటలో తను చూసిన రంగే నిజమని చెప్పు. షాపులో నా పక్కన స్టూలు వేసి ఉంచుతాను, వచ్చి కూర్చుని చూడమను. చాలంటే ఆపేస్తాను.

హారను కొడుతున్నాడు. ఉంటాను.

ఇట్లు,
నీకు అమ్మ,
అమ్మాయికి అత్తయ్య