దుంపయ్య రంగు

ఏమండీ,

మీరు కులాసాగా ఉన్నారనుకుంటాను. నేను అక్క ఇంటికి వచ్చి తొమ్మిది రోజులైంది. తలనొప్పి తగ్గేదాకా ఉండి వస్తానని చెప్పి వచ్చాను. అది అబద్ధం. నాకున్నది తలనొప్పి కాదు, కడుపుమంట. ఎదురుగా నిలబడి చెబితే మీరు కుంచె కడుగుతూ ఊఁ కొడతారు, అందుకే రాస్తున్నాను.

పెళ్ళయిన మూడో వారం మీరు గది తలుపు వేసి నాతో ఒక మాట చెప్పారు. పండుమిరపకాయకీ పచ్చిమిరపకాయకీ మీ కంటికి తేడా లేదని. కన్నతల్లికి కూడా తెలియనివ్వలేదట. బొమ్మలు వేసేవాడికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటేనని తెలిస్తే జన్మలో ఎవరూ పని ఇవ్వరన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. ఆ రోజు మొదలు, ఈ పద్నాలుగేళ్ళూ రంగులు కలిపింది నేను. పింగాణీ గిన్నెల్లో పోసి, గిన్నె గిన్నెకీ పేరు రాసిన చీటీ అంటించింది నేను. మీరు గీసిన బొమ్మలో ఎక్కడ ఏ గిన్నె రంగు పడాలో పెన్సిలుతో చీమ తలంత అక్షరం రాసిపెడితే, దాని మీద మీరు కుంచె తిప్పేవారు. రంగు కింద నా అక్షరం కనబడకుండా పోయేది.

పిల్లల కోసం మీరు వేసిన మొక్కజీవాల మొదటి పుస్తకం సంగతే తీసుకోండి. దుంపయ్యకి కాళ్ళ బదులు వేర్లు పెట్టి, వాడు నడిచినప్పుడల్లా మట్టిలోంచి ఊడినట్టు గీయడం మీ ఆలోచనే, కాదనను. ముళ్ళమామ్మకి కళ్ళు వద్దని, మెడ వంపుతోనే ఏడుపు తెలియాలని పట్టుబట్టిందీ మీరే. కానీ దుంపయ్య భయపడితే ఆకుల అంచుల్లో లేత చిగురు రంగు రావాలని ఎవరన్నారు? ముళ్ళమామ్మ కోపం ముదురాకుపచ్చ కింద నల్లగా అణిగి ఉండాలని ఎవరన్నారు? పిల్లలు ఉత్తరాలు రాసింది ఆ రంగుల గురించే. పుస్తకంలో నా పేరు వేస్తానన్నారు. అచ్చయి వచ్చాక చివరి పేజీ చూశాను. కాగితాల కొట్టాయనకి కృతజ్ఞతలు. కాఫీ కొట్టాయనకి కృతజ్ఞతలు. నా కళ్ళు సరిగా చూశాయో లేదోనని మళ్ళీ చదివాను. అడిగితే, రంగులకి వేరే పేరు వేస్తే ఎందుకని ఆరా తీస్తారన్నారు. అక్కడితో ఆగినా సరిపెట్టుకునేదాన్ని. "గీత ప్రాణం, రంగు బట్ట. చొక్కా కుట్టినవాడి పేరు మనిషికి పెడతారా?" అన్నారు.

అందుకని రెండో పుస్తకానికి చీటీలు మార్చాను. ఆకుపచ్చలని రాసిన గిన్నెలన్నిటిలోనూ ఎరుపు పోశాను. మీ దుంపయ్య, ముళ్ళమామ్మ, తీగపిల్లలు ఇరవై నాలుగు పేజీల్లోనూ నెత్తురోడుతున్నారు. బొమ్మల కట్ట సంపాదకురాలికి పంపింది నేనే. వచ్చే బుధవారం సభలో అవన్నీ గోడకి పెడతారటగా. నేను చెప్పేది నిజమో కాదో ఎవరినైనా అడిగి చూసుకోండి. ఏమని అడుగుతారో మీ ఇష్టం.

మీ ఆవిడ

*

అలిగిన ఇల్లాలికి,

నీ ఉత్తరం అందింది. నవ్వొచ్చింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని పెద్దలు ఊరికే అనలేదు.

మూడో పేజీకి రంగు వేసేటప్పుడే నాకు తెలిసిపోయింది. పద్నాలుగేళ్ళు పక్కన కూర్చున్నదాని ముఖం చదవలేనా? తెలిసే ఊరుకున్నాను. సంపాదకురాలు బొమ్మలు చూసి, ఊహించనంత బాగున్నాయని కబురు చేసింది. ఆకుల్ని ఆకుపచ్చగా వేస్తే ఎవరైనా అంత మాటంటారా?

సభకి నాలుగు వందల మంది వచ్చారు. నా వెనక గోడ నిండా బొమ్మలు. ఎవరో అడిగేదాకా ఎందుకని నేనే ఎత్తుకున్నాను. "నా మొక్కలు ఎందుకు ఎర్రగా ఉన్నాయో చెబుతాను. మొక్క కూడా తింటుంది. తినడం మనకి కనబడదు కాబట్టి పచ్చగా, అమాయకంగా ఉందనుకుంటాం. నేను ఆ ముసుగు తీసేశాను. ఈ దుంపయ్య ఒంటి మీద పచ్చ చుక్క ఒక్కటి లేదు, చూడండి" అని కర్ర పెట్టి చూపించాను. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. ఇన్నేళ్ళలో నా మాట ఎవరూ అలా వినలేదు. ఒక చిన్నపిల్ల లేచి ఏదో అడగబోతే వాళ్ళమ్మ నోరు మూసి కూర్చోబెట్టింది. ముందు వరసలో ఒకావిడ కళ్ళొత్తుకుంది. అయ్యాక సంపాదకురాలు నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి అంది. ఎంత శ్రమపడ్డానో ఆమెకైనా అర్థమైంది.

ఇక నీ చీటీలు నాకక్కర్లేదు. ఏ గిన్నెలో కుంచె ముంచితే అదే నా నిర్ణయం, అడిగితే చెప్పడానికి నాకు మాటలున్నాయి. ఎన్నాళ్ళుంటావో ఉండు. వచ్చాక మాత్రం బొమ్మల గది తుడిచిపెట్టు, దుమ్ము పట్టింది.

నీ భర్త

*

ఏమండీ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడో పేజీకే తెలిసిపోయిందన్నారే, అక్కడ నవ్వు ఆపుకోలేకపోయాను. నాకేమైందోనని అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

నేను చీటీలు మార్చలేదండీ. ఒక్క గిన్నె కూడా మార్చలేదు. మార్చాలనే కూర్చున్నాను. ఎరుపు గిన్నె ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నా చెయ్యి రాలేదు. మీ మీద కోపానికి దుంపయ్యని పాడు చేయడమేమిటి, వాడేం చేశాడు పాపం అనిపించింది. మీరు కర్ర పెట్టి చూపించిన దుంపయ్య నెత్తి నుంచి వేరు దాకా నిగనిగలాడే ఆకుపచ్చ. నాలుగు వందల మంది ఆ పచ్చటి బొమ్మని చూస్తూ, అది ఎర్రగా ఎందుకుందో మీ నోట విన్నారు.

ఒక్కరోజు మీరు భయపడితే చాలనుకుని ఆ ఉత్తరం రాశాను. భయపడి ఇక్కడికి వస్తారని, గుమ్మంలో నిలబడి "నిజం చెప్పవే, ఏం రంగు వేయించావు?" అని అడుగుతారని అనుకున్నాను. అడిగితే అక్కడే చెప్పేసేదాన్ని. పేరు సంగతి కూడా మరిచిపోయేదాన్నేమో, నా బుద్ధి అలాంటిది. బుధవారం పొద్దున దాకా వీధి వైపే చూస్తూ కూర్చున్నాను. నన్ను ఒక్క మాట అడగడం కంటే నాలుగు వందల మందికి అబద్ధం చెప్పడం మీకు తేలికైంది.

నిన్న సంపాదకురాలు వచ్చింది. మీకు మతి చలించిందేమోనని ఆమె బాధ. వైద్యుడికి చూపించమంది. అవునని తలూపితే మీ గుట్టు గుట్టుగానే ఉండేది, జాలిపడి ఏడాది పోయాక మళ్ళీ పని కూడా ఇచ్చేవాళ్ళు. నాకు తెలుసు. తెలిసే నిజం చెప్పాను, పెళ్ళయిన మూడో వారం నుంచి మొదలుపెట్టి. అంతా విని ఆమె మీ గీత లాంటి గీత ఇంకొకరికి రాదంది. అయినా మూడో పుస్తకానికి గీసేవాళ్ళని వేరే చూసుకుంటానంది. రంగులు నన్ను వేయమంది. ఒప్పుకున్నాను.

రెండో పుస్తకం మొదటి పేజీలో పేర్లు మార్చి వేస్తున్నారు. రంగులు అని నా పేరు పైన ఉంటుంది. గీత అని కింద మీ పేరు వేయాలా, వదిలేయాలా అని ఆమె నన్నే అడిగింది. వేయమన్నాను.

మీ మీద జాలి వేస్తుందేమోనని నిన్నటి నుంచి చూస్తున్నాను. ఇంకా వేయలేదు.

మీ ఆవిడ